గ్లాసు కింద కొవ్వొత్తి: ప్రాథమిక తరగతిలో ప్రయోగం, శ్రేయస్సు గురించి ఒక సంవాదం

ప్రాథమిక విద్య గురించిన చర్చల్లో 'కృత్యం' అనే మాట ఎంతగా అరిగిపోయిందంటే, అట్టముక్క మీద రంగు కాగితం అతికించడమూ, పెసలు మొలకెత్తించి రోజూ కొలవడమూ ఒకే పేరుతో చలామణి అవుతున్నాయి. అందుచేత చర్చకు ముందే ఆ మాటకు హద్దు గీసుకోవలసి ఉంటుంది. ఈ సంవాదంలో కృత్యమంటే, పిల్లలు వస్తువులను తమ చేతులతో కదిపి, కలిపి, కొలిచి, జరిగినదాన్ని చూసి ఒక విషయం తెలుసుకునేలా ఉపాధ్యాయులు ఏర్పరచిన పని. శ్రేయస్సు అంటే, బడిలో ఉన్నంతసేపూ పిల్లలు ఒంట్లోనూ మనసులోనూ నిబ్బరంగా ఉండి, బెదురు లేకుండా నోరు తెరవగలిగే స్థితి. ఊపిరి మీద ధ్యాస నిలపడం, కోపాన్నీ దిగులునూ పేరు పెట్టి చెప్పడం, చేతులు కడుక్కోవడం వంటి అభ్యాసాలను ఆ స్థితికి దారులుగా బడులు ప్రవేశపెడుతున్నాయి.

సంవాదంలో పాత్రలు రెండు. ఒకరు జిల్లా విద్యా శిక్షణ సంస్థలో, అంటే వాడుకలో డైట్ అని పిలిచే చోట, కాబోయే ఉపాధ్యాయులకు పరిసరాల విజ్ఞాన బోధన నేర్పే అధ్యాపకుడు. రెండోవారు ఒక పల్లె బడిలో ఐదు తరగతులనూ మరొక్క ఉపాధ్యాయుడితో కలిసి నడుపుకొస్తున్న సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయిని. ఎదుటిపక్షం వాదాన్ని ముందుగా, దాని పూర్తి బలంతో వినిపించడాన్ని తర్కశాస్త్రం పూర్వపక్షమనీ, దానికి సమాధానం చెప్పి నిలిచినదాన్ని సిద్ధాంతమనీ అంటుంది. ఈ ఇద్దరిలో ఎవరి మాట పూర్వపక్షమవుతుందో ముందే తేల్చకుండా వాదం సాగనివ్వడమే ఇక్కడి పద్ధతి.

అధ్యాపకుడు: ఏడు నుంచి పదకొండేళ్ల పిల్లలు కంటి ముందున్న వస్తువుల గురించి సవ్యంగా ఆలోచించగలరు గానీ, వస్తువు లేకుండా మాటల మీదే ఆలోచన నడపడం వారికి కష్టమని మనోవైజ్ఞానికుడు జీన్ పియాజే గమనించి, ఆ వయసుకు మూర్త ప్రచాలక దశ అని పేరు పెట్టారు. ద్రవాలు పాత్ర ఆకారాన్ని పొందుతాయన్న వాక్యాన్ని మూడో తరగతి పిల్ల గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పగలదు. కానీ చెంబులో నీళ్లను వెడల్పాటి పళ్లెంలోకి వంచితే నీళ్లు తగ్గిపోయాయని అదే పిల్ల అన్నప్పుడు, ఆ వాక్యం నాలుక దాటి లోపలికి పోలేదని తెలిసిపోతుంది మేడం. ఈ దేశంలో ఈ ఎరుక కొత్తదేమీ కాదు. 1937 వార్ధా సమావేశం తరువాత జాకిర్ హుస్సేన్ కమిటీ చదువును చేతివృత్తి చుట్టూ అల్లింది. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటన్ ఆర్థిక సాయంతో 1980 దశకంలో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రైమరీ ఎడ్యుకేషన్ ప్రాజెక్టు, చేసి నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించి బోధించడం వంటి ఆరు సూత్రాలను ఉపాధ్యాయుల ముందుంచింది. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రమూ, 2020 జాతీయ విద్యావిధానమూ అదే మాటను మళ్లీ చెప్పాయి. ఇన్నేళ్లుగా ఇందరు చెప్పిన తరువాత కూడా పరిసరాల విజ్ఞానం పీరియడ్‌లో ప్రశ్న జవాబులు రాయించడమే జరుగుతుంటే, లోపం పద్ధతిలో లేదు, అమలులో ఉంది.

ఉపాధ్యాయిని: ఆ ఆరు సూత్రాలలో పిల్లల పనిని గదిలో ప్రదర్శించాలన్నది కూడా ఒకటి కదా సార్. తక్కిన ఐదూ జరుగుతున్నాయో లేదో తెలియాలంటే తనిఖీకి వచ్చినవారు ఒక పూట తరగతిలో కూర్చోవాలి. ప్రదర్శన ఒక్కటే గుమ్మంలో నిలబడి చూడగలిగినది. చూడటానికి వీలైనదానికే విలువ పెరిగి, గోడలు చార్టులతో నిండుతాయి, పిల్లల తలల్లో ఏముందో ఎవరూ అడగరు. కాబట్టి అమలులో లోపమన్న మాటతో తప్పించుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే ఎలా అమలవుతుందో ముందే ఊహించకపోవడం పద్ధతిలోని లోపమే. ఇక లెక్క చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం 60 మంది దాకా పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు. తరగతులు మాత్రం ఐదు. అంటే ఒక గదిలో రెండు మూడు తరగతులను ఒకరే చూసుకునే బహుళ తరగతి బోధన ఎక్కడో తప్పిదం వల్ల వచ్చింది కాదు, చట్టం కట్టిన లెక్కలోనే ఉంది. అసర్ సర్వే 2024 నివేదిక ప్రకారం గ్రామీణ భారతంలో ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 23.4 శాతమే. చదవడం రాని పిల్లకు ముందు అక్షరం కావాలా, అయస్కాంతం కావాలా?

ఈ ప్రశ్న వెనుక ప్రభుత్వ విధానం కూడా ఉంది. 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం, మూడో తరగతి పూర్తయ్యేనాటికి ప్రతి బిడ్డకూ అర్థం చేసుకుంటూ చదవడం, చిన్న లెక్కలు చేయడం రావాలని 2026–27ను గడువుగా పెట్టుకుంది. తెలంగాణలో 2022లో మొదలైన తొలిమెట్టు ఉద్దేశమూ అదే. గడువున్న లక్ష్యం పక్కన గడువు లేని ప్రయోగం వెనకబడటం సహజం. అయితే అధ్యాపకుడు ఈ రెంటినీ పోటీదారులుగా చూడటానికే ఒప్పుకోలేదు.

అధ్యాపకుడు: అక్షరం దేని గురించైనా ఉండాలి కదా. తాను చూసినదాని గురించి రాసిన రెండు వాక్యాలను పిల్ల ఇష్టంగా మళ్లీ చదువుకుంటుంది. బహుళ తరగతి సంగతికి వస్తే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం దానికి ఒక దారి చూపింది. పాఠాన్ని చిన్న చిన్న కార్డులుగా విడగొట్టి, మెట్ల వరుసలో అమర్చి, ప్రతి పిల్లా తాను ఉన్న మెట్టు నుంచి తన వేగంతో ఎక్కేలా చేశారు. ఉపాధ్యాయుడు గది మొత్తానికీ ఒకేసారి ఉపన్యసించనక్కర లేదు. ఈ పద్ధతి ప్రభావంతోనే చెన్నై నగరపాలక బడుల్లో కృత్యాధార బోధన మొదలైంది. అందుచేత ఇద్దరు ఉపాధ్యాయుల బడిలో చేతికి పని చెప్పడం అసాధ్యమన్నది నిలవని మాట.

ఉపాధ్యాయిని: అసాధ్యమని ఎవరూ అనలేదు. చేతికి పని దొరికినంత మాత్రాన తలకు పని దొరికినట్టు కాదన్నదే అసలు అభ్యంతరం. ప్రాథమిక బడుల్లో ఎక్కువగా చేసి చూపించే ప్రయోగాన్నే తీసుకోండి. పళ్లెంలో నీళ్లు పోసి, మధ్యలో కొవ్వొత్తి నిలబెట్టి వెలిగించి, దాని మీద గాజు గ్లాసు బోర్లిస్తారు. కాసేపటికి మంట ఆరిపోతుంది, నీళ్లు గ్లాసులోకి ఎగబాకుతాయి. గాలిలో అయిదో వంతు ప్రాణవాయువు ఉంది, అది కాలిపోయింది, ఖాళీ అయిన చోటికి నీళ్లు వచ్చాయి అని చెప్పి ప్రయోగం ముగిస్తారు. ఈ వివరణ తప్పు కదా సార్?

అధ్యాపకుడు: తప్పే. మంట వేడికి గ్లాసులోని గాలి వ్యాకోచించి, కొంత గాలి అంచు కింద నుంచి బుడగలుగా బయటికి పోతుంది. మంట ఆరాక మిగిలిన గాలి చల్లబడి సంకోచిస్తుంది, మంటలో పుట్టిన నీటి ఆవిరి మళ్లీ నీరవుతుంది. అలా లోపలి పీడనం తగ్గగానే బయటి వాతావరణ పీడనం నీళ్లను లోపలికి నెడుతుంది. ప్రాణవాయువు పూర్తిగా కాలిపోవడమూ నిజం కాదు. సుమారు 21 శాతం నుంచి 16 శాతం దగ్గరికి పడిపోయేసరికే మంట నిలవలేక ఆరిపోతుంది, ఖర్చయిన దాని చోట్లో చాలావరకు కార్బన్ డయాక్సైడ్ చేరుతుంది.

ఉపాధ్యాయిని: చూశారా, పిల్లలు కళ్లారా చూశారు, చేతులారా చేశారు, అబద్ధం నేర్చుకున్నారు. పాఠం చదివి నేర్చుకున్న తప్పును పుస్తకం మార్చి సరిదిద్దవచ్చు. కళ్లారా చూసి నేర్చుకున్న తప్పు ఒక పట్టాన వదలదు. కరోనా కాలంలో వాడుకలోకి వచ్చిన మిరియాల పొడి ప్రయోగం కూడా ఇలాంటిదే. నీళ్ల మీద మిరియాల పొడి చల్లి, సబ్బు రాసిన వేలు ముంచితే పొడి చెల్లాచెదురై అంచులకు పరుగెత్తుతుంది. సబ్బును చూసి క్రిములు ఇలాగే పారిపోతాయని పిల్లలకు చెబుతారు. జరిగింది వేరు. నీటి ఉపరితలం సాగదీసిన పొరలా బిగువుగా ఉంటుంది, దాన్నే తలతన్యత అంటారు. సబ్బు తగిలిన చోట ఆ బిగువు తగ్గి, చుట్టూ ఉన్న ఉపరితలం పొడిని తన వైపు లాక్కుంటుంది. ఇందులో క్రిముల ప్రసక్తే లేదు. సబ్బు చూస్తే క్రిములు పారిపోతాయని నమ్మిన పిల్ల, సబ్బు ముట్టుకుని చేయి కడిగేసుకుంటే చాలనుకుంటుంది. ఇరవై సెకన్లు రుద్దవలసిన అవసరం ఆ ప్రయోగంలో ఎక్కడా లేదు. విజ్ఞానం తప్పింది, ఆరోగ్యమూ తప్పింది.

ఈ విమర్శతో చర్చ మలుపు తిరిగింది. అధ్యాపకుడు ప్రయోగాన్ని వదులుకోలేదు గానీ, ప్రయోగం తనంతట తానే నేర్పుతుందన్న నమ్మకాన్ని మాత్రం పక్కన పెట్టవలసి వచ్చింది. పరిశోధన కూడా ఆ నమ్మకానికి అండగా లేదు. డేవిడ్ క్లార్, మిలేనా నిగమ్ 2004లో ప్రచురించిన అధ్యయనంలో, మూడు నాలుగు తరగతుల పిల్లలకు వాలుబల్ల మీద బంతులు దొర్లించే పని ఇచ్చారు. బంతి ఎంత దూరం పోతుందన్నది దేని మీద ఆధారపడుతుందో తేల్చాలంటే, ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి తక్కినవన్నీ యథాతథంగా ఉంచాలి. దీనినే చలరాశుల నియంత్రణ అంటారు. ఈ కిటుకును సొంతంగా కనిపెట్టుకోమని వదిలేసిన పిల్లల్లో దాదాపు నాలుగోవంతు మంది పట్టుకుంటే, మంచి ఉదాహరణనూ చెడ్డ ఉదాహరణనూ చూపి నేరుగా వివరించిన పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది పట్టుకున్నారు. 2006లో పాల్ కిర్ష్‌నర్, జాన్ స్వెలర్, రిచర్డ్ క్లార్క్ రాసిన వ్యాసం ఇంకొక అడుగు ముందుకు వేసి, ఒకేసారి తలలో నిలుపుకోగలిగిన విషయాలు కొద్దివే కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి దారి చూపకుండా వదిలేస్తే ఆ కొద్ది చోటూ వెతుకులాటకే సరిపోతుందని వాదించింది.

అధ్యాపకుడు: దారి చూపాలన్న మాట ఒప్పుకోవలసిందే. కానీ దారి చూపడమంటే జవాబు చెప్పడం కాదు మేడం, సరైన అడ్డు పెట్టడం. అదే కొవ్వొత్తి ప్రయోగంలో ఒక కొవ్వొత్తికి బదులు మూడు వెలిగించండి. ప్రాణవాయువు కాలిపోవడమే కారణమైతే, గ్లాసు అదే కాబట్టి నీళ్లు మునుపటంతే ఎక్కాలి. కానీ మునుపటికంటే ఎక్కువ ఎక్కుతాయి. నీళ్లు ఎప్పుడు ఎక్కుతున్నాయో కూడా గమనించమనండి: మంట వెలుగుతున్నంతసేపూ మెల్లగానే ఉండి, ఆరిపోయాకే గబగబా ఎక్కుతాయి. ప్రాణవాయువు ఖర్చయ్యేది వెలిగేటప్పుడు కదా, ఆరిపోయాక కాదు కదా. తప్పు వివరణను పడగొట్టే సాక్ష్యం ఆ పళ్లెంలోనే ఉంది. దాన్ని అడిగే ప్రశ్నే పాఠంలో లేదు. ఇది ఐదో తరగతికి సరిపోతుంది. మూడో తరగతికి ఇంకా చిన్నది చాలు. మొలకలు కట్టడం ప్రతి ఇంట్లోనూ తెలిసినదే కాబట్టి పెసలే తీసుకోవచ్చు. మూడు డబ్బా మూతల్లో దూది పరిచి, ఒక్కోదానిలో పది గింజలు వేయాలి. ఒకటి తడిపి కిటికీలో పెట్టాలి, ఒకటి తడిపి అట్టపెట్టెలో మూసిపెట్టాలి, మూడోది తడపకుండా కిటికీలో పెట్టాలి. పెట్టేముందు, ఏది మొలుస్తుందో ప్రతి పిల్లా తన నోటుపుస్తకంలో రాయాలి.

ఉపాధ్యాయిని: ఎండ లేకపోతే మొక్క బతకదని చదివి ఉంటారు కాబట్టి పెట్టెలోది మొలవదనే ఎక్కువమంది రాస్తారు.

అధ్యాపకుడు: రాయాలి కూడా. రెండో రోజుకే పెట్టెలోనూ మొలకలు కనిపిస్తాయి. అయిదో రోజుకు ఇంకా పెద్ద చిక్కు వస్తుంది: పెట్టెలోవి కిటికీలోవాటికంటే పొడుగ్గా సాగి ఉంటాయి. చీకట్లోనే బాగా పెరుగుతుందని ఒకరంటారు. పాలిపోయింది కదా, తల నిలపలేకపోతోంది కదా అని మరొకరంటారు. గింజ తన పప్పులో దాచుకున్న ఆహారంతోనే మొలకెత్తుతుందనీ, వెలుతురు కోసం వెతుక్కుంటూ కాడ సాగుతుందనీ, ఆకు పచ్చబడి తన తిండి తాను వండుకోవడానికే ఎండ కావాలనీ అప్పుడు చెబితే, ఆ మాటకు పిల్లల దగ్గర చోటు సిద్ధంగా ఉంటుంది. చెప్పవలసింది ఉపాధ్యాయులే, అందులో సందేహం లేదు. ఎప్పుడు చెప్పాలన్నదే తేడా. మిరియాల పొడి బదులు, రెండు అరచేతులకూ నూనె కలిపిన పసుపు రాసుకుని, ఒకసారి ఒట్టి నీళ్లతో, ఒకసారి సబ్బుతో అయిదు సెకన్లు, ఒకసారి ఇరవై సెకన్లు రుద్ది, వేళ్ల సందుల్లో ఎంత మిగిలిందో పక్కవారి చేత చూపించుకుంటే చాలు. అక్కడ పసుపు క్రిమి అని నటించనక్కర లేదు. జిడ్డు నీళ్లకు పోదు, సబ్బుతో రుద్దితే పోతుంది అన్నంతవరకే చెప్పినా అది నిజం.

ఇంతవరకు వచ్చాక శ్రేయస్సు ప్రస్తావన వచ్చింది. ఢిల్లీ ప్రభుత్వం 2018 జులైలో తన బడుల్లో నర్సరీ నుంచి ఎనిమిదో తరగతి దాకా హ్యాపీనెస్ కరికులం పేరుతో రోజూ ఒక పీరియడ్ కేటాయించి, ధ్యాసతో ఊపిరి తీసుకోవడం, కథలు, కృత్యాలు, మనసులో మాట చెప్పుకోవడం అందులో చేర్చింది. ఆంధ్రప్రదేశ్ బడుల్లో ఆనంద వేదిక అదే కోవకు చెందిన ప్రయత్నం. ఇలాంటివాటి ఫలితాల గురించి పరిశోధనలు ఒకే మాట చెప్పడం లేదు. జోసెఫ్ డర్లాక్ బృందం 2011లో 213 కార్యక్రమాలను, సుమారు 2 లక్షల 70 వేల మంది విద్యార్థుల వివరాలను కలిపి పరిశీలించి, సాంఘిక, భావోద్వేగ నైపుణ్యాలు నేర్పిన చోట చదువు కూడా మెరుగైందని, సగటు విద్యార్థి స్థానం 11 పర్సెంటైల్ పాయింట్లు పైకి జరిగిందని తెలిపింది. బ్రిటన్‌లో 85 బడుల్లో, 8 వేలకు పైగా విద్యార్థులతో జరిగి 2022లో ఫలితాలు వెలువడిన మిరియడ్ అధ్యయనం మాత్రం, పదకొండేళ్లు దాటిన పిల్లలకు ధ్యాస సాధన నేర్పినందువల్ల మామూలు తరగతులకంటే అదనపు మేలేమీ కనబడలేదని తేల్చింది.

ఉపాధ్యాయిని: ఆ రెండో ఫలితంలో ఆశ్చర్యం లేదు. లెక్కల పీరియడ్‌లో తప్పు చెప్పినందుకు తరగతంతా నవ్వితే తలదించుకున్న పిల్లను, తరువాతి పీరియడ్‌లో కళ్లు మూసుకుని ప్రశాంతంగా ఉండమంటే ఉంటుందా? గాయం ఒక గంటలో, మందు మరో గంటలో. పైగా ఈ రోజు ఎలా ఉన్నావు అని గోడ మీద బొమ్మల పట్టిక పెట్టి, నవ్వు ముఖం కిందో ఏడుపు ముఖం కిందో పేరు తగిలించమంటారు. ఇంట్లో తండ్రి తాగి కొట్టాడని గోడకు చెప్పుకోవాలా ఆ బిడ్డ? అందరూ చూస్తారు కాబట్టి అందరూ నవ్వు ముఖానికే తగిలిస్తారు. అది శ్రేయస్సు కాదు, శ్రేయస్సు నటించడం. ఆకలితో వచ్చిన పిల్లకు మధ్యాహ్న భోజనంలో పెట్టే గుడ్డు చేసే మేలు ఏ ఆనందపు పీరియడూ చేయలేదు.

అధ్యాపకుడు: గోడ పట్టిక గురించి అన్నది అక్షరాలా నిజం, పిల్లల మనసు ప్రదర్శన వస్తువు కాకూడదు. గుడ్డు మాటకూ ఎదురు లేదు. అయితే ఊపిరి సాధనను నమ్మమని పిల్లలకు చెప్పడం ఒక పద్ధతి, పరీక్షించమని చెప్పడం మరొక పద్ధతి. శనగగింజంత తడి బంకమట్టి ఉండలో అగ్గిపుల్ల నిలువుగా గుచ్చి, మణికట్టు మీద, బొటనవేలి వైపు నాడి కొట్టుకునే చోట ఆనిస్తే, పుల్ల కొన తలూపినట్టు ఊగుతుంది. చర్మం కింద నడిచే నెత్తురు కంటికి కనిపించే క్షణం అది. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చిస్తే నిమిషానికి ఎన్నిసార్లో తెలుస్తుంది. మూడో తరగతి ఎక్కం అక్కడ పనికొస్తుంది. ఈ వయసులో కూర్చుని ఉన్నప్పుడు అది సుమారు 70 నుంచి 110 దాకా ఉంటుంది. ఆవరణ చుట్టూ రెండుసార్లు పరుగెత్తి వచ్చి మళ్లీ లెక్కపెట్టాలి, మూడు నిమిషాలు నిదానంగా ఊపిరి వదులుతూ కూర్చుని మళ్లీ లెక్కపెట్టాలి. కోపం వచ్చినప్పుడూ భయం వేసినప్పుడూ గుండె ఎందుకు దడదడలాడుతుందో, అది జబ్బు కాదనీ, దిగివస్తుందనీ ఆ పిల్లకు తన సొంత అంకెలే చెబుతాయి.

ఉపాధ్యాయిని: ఆ అంకె ఊపిరి సాధన వల్ల దిగిందని ఎలా చెబుతారు? పరుగెత్తి వచ్చి ఊరికే కూర్చున్నా దిగుతుంది. ఇందాక బంతుల దగ్గర చెప్పిన నియమం ఇక్కడికి వచ్చేసరికి ఏమైంది? సగం మంది నిదానంగా ఊపిరి వదలాలి, సగం మంది ఊరికే కూర్చుని కథ వినాలి. రెండు సగాల అంకెలూ పక్కపక్కన రాయాలి. తేడా లేకపోతే లేదని కూడా రాయాలి. ఆ తెగువ లేకపోతే ఇది కూడా గ్లాసు కింద కొవ్వొత్తే.

అధ్యాపకుడు: ఒప్పుకోక తప్పదు మేడం. పుల్ల ఊగడం దగ్గరే శిక్షణ తరగతులు ఆగిపోతున్నాయి. ఆ రెండో సగం గురించి ఎవరూ అడగడం లేదు.

సంవాదంలో అతి ముఖ్యమైన ఘట్టం ఇదే, ఎందుకంటే ఇంతవరకు ప్రయోగాన్ని శంకించిన పక్షమే ఇక్కడ మరింత కచ్చితమైన ప్రయోగాన్ని కోరింది. కొవ్వొత్తి, పెసలు, నాడి అనే మూడు ఉదాహరణల్లోనూ వస్తువు కంటే ముందు ఒక అంచనా ఉంది. పెట్టెలోది మొలవదని రాసిన పిల్లకే పెట్టెలోని మొలక వార్త అవుతుంది; ఏమీ రాయని పిల్లకు అది ఒక మొలక మాత్రమే. కానీ అంచనా రాయడమంటే తప్పు కావడానికి సిద్ధపడటం. తప్పుకు ఎర్ర సిరా గీత పడుతుందనో, పక్కవాడు నవ్వుతాడనో తెలిసిన పిల్ల తన అంచనా రాయదు. ముందు వరుసలోని తెలివైన పిల్ల ఏం రాసిందో చూసి అదే రాస్తుంది, లేదా ఫలితం వచ్చాక పైది చెరిపి దిద్దుకుంటుంది. అప్పుడు ప్రయోగం జరుగుతుంది, నేర్చుకోవడం జరగదు. కాబట్టి తరగతిలో బెదురు లేకపోవడం విజ్ఞాన బోధనకు పక్కన చేర్చే అలంకారం కాదు, అది లేనిదే ప్రయోగం పనిచేయదు. అలాగే శ్రేయస్సుకు వేరే పీరియడ్ పెట్టినా పెట్టకపోయినా, తన అంచనా తప్పినందుకు నలుగురిలో చిన్నబోకుండా, ఎందుకు తప్పిందో నలుగురితో కలిసి వెతకడమే పిల్లకు బడి ఇవ్వగలిగిన నిబ్బరం.

ఉపాధ్యాయిని: ఇంత మంచి మాట కాగితం మీద నిలబడుతుంది, బడిలో నిలబడుతుందా అన్నదే మిగిలిన ప్రశ్న. మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమం సంగతి తెలిసినదే. 1972లో 16 మాధ్యమిక బడుల్లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు కలిసి మొదలుపెట్టి, 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ చేతుల మీదుగా వందల బడులకు విస్తరించిన ఆ పనిని 2002లో ప్రభుత్వం ఆపివేసింది. ముప్ఫయ్యేళ్లు నడిచినదే ఒక ఉత్తర్వుతో ఆగిపోతే, రెండు రోజుల శిక్షణతో మొదలయ్యేది ఎన్నాళ్లుంటుంది?

అధ్యాపకుడు: ఆగిపోయిందన్నది నిజమే గానీ, ముప్ఫయ్యేళ్లు ఎందుకు నడిచిందన్నది కూడా చూడాలి. పల్లెలో దొరికే సామానుతో కిట్లు తయారుచేశారు; ఉపాధ్యాయులు నెలనెలా కలిసి ఏది కుదిరిందో ఏది కుదరలేదో మాట్లాడుకున్నారు; అన్నిటికంటే ముఖ్యంగా, పరీక్షనే మార్చారు. పుస్తకం తెరిచి రాసే పరీక్ష, చేతులతో చేసి చూపే పరీక్ష పెట్టారు. ఇంజనీరుగా అక్కడికి వెళ్లిన అరవింద్ గుప్తా అగ్గిపుల్లలకు సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలు తొడిగి త్రిభుజాలూ ఘనాలూ కట్టే బొమ్మలు తయారుచేసి, ఆ తరువాత దేశమంతా తిరిగి పిల్లలకు నేర్పారు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి, 2018లో ఆయనకు పద్మశ్రీ లభించింది. కార్యక్రమం ఆగినా పని ఆగలేదు.

ఉపాధ్యాయిని: అయితే మూడు షరతుల మీద ఒప్పందం కుదరవచ్చు సార్. ఒకటి, వారానికి రెండు కృత్యాలు కాదు, నెలకు రెండు చాలు. కానీ ప్రతిదీ తేలేదాకా సాగాలి, పెసలు అయిదు రోజులు పడితే అయిదు రోజులూ. రెండు, పిల్ల నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండుగా గీసి, 'అనుకున్నది' ఒకవైపు, 'చూసినది' ఒకవైపు, తన సొంత మాటల్లో రాయాలి. అక్షరాలు రాని పిల్ల బొమ్మ గీసి, నోటితో చెబితే ఉపాధ్యాయులు రాసిపెట్టాలి. అప్పుడు చదవడం రాయడం కోసం పెట్టుకున్న సమయం ఎక్కడికీ పోదు. మొదటి గడిలో ఉన్నది ఎంత తప్పైనా అక్కడ ఎర్ర సిరా పడకూడదు. మూడు, తనిఖీకి వచ్చినవారు గోడలు చూడకుండా ఆ నోటుపుస్తకాలు చూడాలి. రెండు గడుల్లోనూ అందరూ ఒకే మాట రాసి ఉంటే, ఆ ప్రయోగం జరగలేదని గుర్తించాలి.

అధ్యాపకుడు మొదటి రెండు షరతులకూ వెంటనే సమ్మతించి, మొదటిదాన్ని తన శిక్షణ ప్రణాళికలో చేర్చడానికి కూడా సిద్ధపడ్డారు. నెలకు రెండు కృత్యాలు మరీ తక్కువన్న అసంతృప్తి ఆయనకు ఉన్నా, సగంలో వదిలేసే ఎనిమిదింటికంటే తేలేదాకా నడిచే రెండే మేలన్న వాదానికి ఆయన దగ్గర బదులు లేకపోయింది. మూడో షరతు మాత్రం ఆయన చేతిలో లేదు; డైట్ అధ్యాపకుడు తనిఖీ పత్రంలో గళ్లు మార్చలేరు. రెండు పక్షాలూ పద్ధతి విషయంలో దాదాపు ఒక్కటైపోయిన తరువాత కూడా ఈ సంవాదం సిద్ధాంతంగా ముగియకపోవడానికి కారణం అదే. తనిఖీ పత్రంలో 'గోడలపై ప్రదర్శన' అనే గడి ఉన్నంతకాలం గోడలు నిండుతాయి. నోటుపుస్తకంలో 'అనుకున్నది' అనే గడి తప్పులతో నిండి ఉండటం మంచి బడికి గుర్తు అని తనిఖీ చేసేవారు కూడా నేర్చుకునేదాకా, ఉపాధ్యాయిని సందేహం పూర్వపక్షంగా కొట్టిపారేయడానికి వీలు కానిదిగానే నిలిచి ఉంటుంది.